గీకని గూళ్లు

పుంగనూరు బస్టాండులో నా పక్కనే ఆటోలోకి మల్బరీ ఆకు మూటలు ఎక్కిస్తున్నారు. ఆ పచ్చివాసన తగిలాక నాకు కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు.

చిన్నప్పుడు మా ఇంటి నిండా పట్టుపురుగులే. అవి గూళ్లు కట్టగానే అమ్మ మూటగట్టి మార్కెట్టుకు తీసుకుపోయేది. గూటితో పురుగు కథ అయిపోతుందనే అనుకునేదాన్ని.

ఒకసారి బాదం చెట్టు మీద అడవి పట్టుపురుగు దొరికితే, బుట్టలో పెట్టి ఆ ఆకులే వేసి పెంచాను. అది కోడిగుడ్డంత గట్టి గూడు కట్టుకుంది. చాలా రోజులకు ఒక సాయంత్రం లోపల గరగరమని గీకుతున్న చప్పుడు. బుట్ట చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. పొద్దున లేచి చూస్తే గూటికి బొక్క, బుట్టలో అరచేతంత గోధుమరంగు రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి. నా పురుగును అదేదో తినేసిందని చీపురు ఎత్తాను.

అమ్మ చెయ్యి పట్టుకుంది. “కొట్టొద్దు పాపా! అదే నీ పురుగు. రెక్కలొచ్చినాయి.”

“మన పురుగులకి యాల రావు?”

“వాటికీ వస్తాయి. వచ్చేలోపలే ఉడకేసి దారం తీస్తారు. బొక్కపడిన గూడు ఎవురు కొంటారు?”

తర్వాతి పంటకు, మూటలు బండెక్కే ముందు ఒక్కోదానికీ చెవి ఆనించి విన్నాను. ఎక్కడా గీకుడు లేదు. వీటికి బయటికి రావాలని లేదులే అని ఊరటపడ్డాను.

ఆ చప్పుడు మొదలవక ముందే మార్కెట్టు చేరాలనే అమ్మ అంత తొందరపడేది.