మూడో జత పాయింట్లు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, దసరా తర్వాతి ఆదివారం, పొద్దున ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు. పోచంపల్లిలో మా బావ పాత కారు బానెట్ ఎత్తాను. పదకొండింటికి తుక్కు కొనే భాయి ట్రాలీ తీసుకుని వస్తాడు. ఈలోగా కారు ఎందుకు ఆగిపోతున్నదో నేను కనిపెట్టాలి, లేదంటే బావకు ఇక కారు లేదు. ఆ ఆజ్ఞ మా అక్కది. వియ్యాలవారి ఊరి నడిబొడ్డున కారు ఆగితే, పట్టుచీర కట్టుకుని వెనక నుంచి తోసింది ఆమె.

"తమ్మీ, నువ్వు మెకానిక్‌వు గని మంత్రగానివి కాదు. పోనియ్యి దాన్ని" అన్నది.

బావ బతుకంతా మగ్గం మీద కూర్చున్న మనిషి. పని మానేశాక ముచ్చటపడి కొనుక్కున్నది ఆ ఒక్క కారే.

నల్లగొండలోని నా షెడ్డు నుంచి కొత్త పాయింట్లు, అంటే ఒకదానికొకటి తగిలి విడిపోయే రెండు చిన్న లోహపు బిళ్లలు, తెచ్చాను. ఆ ఏడు అది మూడో జత. డిస్ట్రిబ్యూటర్ మూత కింద నాలుగు పలకల ఇరుసు తిరుగుతుంటుంది. దాని మూలలు ఒక ఫైబర్ ముక్కను తోస్తుంటే పాయింట్లు తెరుచుకుంటాయి, ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. ఆ ముక్క అరిగితే పాయింట్లు తెరుచుకోవు, బండి ఆగుతుంది. అంతే, ఇందులో బ్రహ్మవిద్య లేదు.

దారంతా నేను పాయింట్లు కాలకుండా కాపాడే కండెన్సర్‌ను అనుమానించాను. అది చెడితే పాయింట్లు నల్లగా కాలి, ఒకదానికి గుంట, ఇంకోదానికి బొడిపె పడతాయి. విప్పి చూస్తే పాత పాయింట్లు తళతళలాడుతున్నాయి. ఫైబర్ ముక్క మాత్రం సగానికి అరిగింది. ఇరుసు మీద వేలు పెట్టి చూశాను. పొడి పొడిగా ఉంది. పోయినసారి నేనే దానికి అగ్గిపుల్ల తలంత గ్రీజు పెట్టాను.

"బావా, గీ మూత ఎవరన్న తీసిన్రా?"

"ఎవరో ఎందుకు తీస్తరు? నేనే. ఆదివారం ఆదివారం తీసి తుడుస్త."

"ఏం తుడుస్తవ్?"

"జిడ్డు. నువ్వు పెట్టి పోతవ్, నేను పెట్రోల్ గుడ్డతోని తుడుస్త. చూడు, అద్దం లెక్క లేదా?"

"గా జిడ్డు లేకనే ముక్క అరుగుతాంది!"

"యాభై ఏండ్లకు రాత్రిబడిల అ ఆలు దిద్దినోనివి, నాకు పాఠం చెప్తవా? పట్టు మీద నూనె చుక్క పడ్డదంటే చీర పాయె."

"ఇది చీర కాదు బావా!"

అక్క పగలబడి నవ్వింది. "తిన్న పళ్లెం ఎత్తడు తమ్మీ. కారుకు మాత్రం బొడ్డు గూడ కడుగుతడు!"

కొత్త జత బిగించి, వాటి మధ్య సందు సరిచేసేసరికి భాయి ట్రాలీ దిగాడు.

"చాచా, ఇస్తున్నరా లేదా? జర జల్దీ చెప్పున్రి."

బావ అక్క ముఖం చూశాడు.

"గా జిడ్డు తుడవనంటే ఉంచుకో" అన్నది అక్క. "తుడిచినవా, కారుతోని నిన్ను గూడ ట్రాలీ ఎక్కిస్త."

"చెయ్యి ఊకుంటదో లేదో" అని బావ ఉన్నమాటే చెప్పాడు.

గ్రీజు డబ్బా అతని ముందు పెట్టాను. "అయితే నీ చేత్తోనే పెట్టు."

కాసేపు దాన్ని అసహ్యంగా చూశాడు. చివరికి చిటికెన వేలు ముంచి, ఇరుసుకు బొట్టు పెట్టినట్టు పెట్టాడు.

"భాయ్, చాయ్ తాగి పో. కారు ఇచ్చేది లేదు" అన్నాడు.

ఆ పొద్దు అక్కడున్నది మేము నలుగురమే: చాయ్ పెట్టడానికి లోపలికి నడిచిన అక్క, ట్రాలీకి ఆనుకుని నవ్వుతున్న భాయి, జిడ్డు వేలిని ఒంటికి దూరంగా పట్టుకుని నిలబడ్డ బావ, మూత బిగిస్తున్న నేను.