పేరు వినిపించిన సాయంత్రం

నేను ఫుట్‌బాల్ ఆడి బతికాను. గొప్ప ఆటగాణ్ణి కాను, ఆ సంగతి అందరికంటే ముందు నాకే తెలుసు. మైదానం నడుమ ఉండి, వెనకవాళ్ల దగ్గర బంతి తీసుకుని ముందువాళ్లకు అందించడం నా పని. గోల్ కొట్టినవాణ్ణి భుజాలకెత్తుకుంటారు, బంతి ఎవరిచ్చారని ఎవరూ అడగరు. ఒక ఏడు బొంబాయి, ఇంకో ఏడు గోవా, మరో ఏడు కలకత్తా. ఏ జట్టుకు నడుమ మనిషి తక్కువైతే ఆ జట్టుకు పోయేవాణ్ణి. సీజన్ అయిపోగానే సంచి సర్దుకుని షోలాపూర్ వచ్చి, నీలం నగర్‌లో మా రెండు గదుల ఇంట్లో పడేవాణ్ణి.

మా నాన్నను బాపు అనేవాళ్లం. ఆయన కార్ఖానాలో దుప్పట్లు, మా మాటలో చాదర్లు, నేసేవాడు. మరమగ్గాన్ని మావాళ్లు సాంచ అంటారు. ఆ సాంచల మోతకు బాపు చెవులు నాకు ఊహ తెలిసేనాటికే సగం పోయాయి, నేను ఆటలో పడేసరికి పూర్తిగా పోయాయి. ఆ మోతలో మాట వినపడదు కాబట్టి కార్ఖానాలో అందరూ చేతులతోనే మాట్లాడుకునేవాళ్లు. పోగు తెగితే ఒక సైగ, అతికితే ఒక సైగ, చాయ్ వస్తే ఒక సైగ. ఆ సైగలు మా ఇంటికీ వచ్చాయి. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. అవ్వ బీడీలు చుట్టే చేతులు కాస్త ఆపి, బాపుతో సంసారమంతా సైగలతోనే నడిపేది.

పెద్ద మ్యాచులు ఎప్పుడైనా రేడియోలో వచ్చేవి. అవ్వ ఒళ్లో బీడీల చాట, పక్కన రేడియో పెట్టుకుని కూర్చునేది. ఎదురుగా బాపు. వ్యాఖ్యానం హిందీలో. ఆమెకు సగమే అర్థమయ్యేది, కానీ కొడుకు పేరు వినడానికి భాషతో పనేముంది? ఆట అయిపోయాక బాపు అడిగేవాడట, పేరొచ్చిందా అని. రాలేదని అవ్వ చెయ్యి ఊపేది. బాపు తువ్వాలు భుజాన వేసుకుని నిమ్మళంగా చాయ్‌కి పోయేవాడు.

ఒక సెలవుల్లో అవ్వ ఈ సంగతి చెబితే నాకు ఒళ్లు మండింది. పేరు రాక నేనక్కడ కుళ్లి చస్తుంటే, ఇక్కడ ఈయనకు నిమ్మళమా?

"కొడుకు పేరు రేడియోల రావద్దా బాపుకు?" అన్నాను.

"నీకు తెల్వదా బిడ్డా? కార్ఖానల మాలక్ పేరు వెట్టి ఎప్పుడు పిలుస్తడు? చాదర్ల డాగు దొరికితెనే గద. పేరు రాలేదంటే పని సక్కగ నడుస్తున్నట్టు. మీ బాపు లెక్క గంతే," అంది అవ్వ.

నిజమే, నేనూ చూశాను. చిన్నప్పుడు బాపుకు అన్నం డబ్బా ఇవ్వడానికి పోతే, సాంచలు ఆపిన ఆ వేళ నేసిన చాదర్లను మాలక్, అంటే యజమాని, బల్ల మీద పరిచి చూస్తుండేవాడు. మచ్చ గానీ, తప్పిన పోగు గానీ కనబడితే నేసినవాడి పేరు గట్టిగా పిలిచేవాడు. ఆ మనిషి తల వంచుకుని పోయేవాడు. బాగా నేసినవాణ్ణి పిలిచిన పాపాన పోలేదు. బాపును ఏళ్ల తరబడి ఎవరూ పిలవలేదు, ఆయన గొప్పంతా అదే.

ఆటలో అట్లా కాదు బాపూ, పేరొస్తేనే గొప్ప అని సైగలతో చెప్పి చూశాను. ఆయన నా మోకాలు తట్టి, "నువ్వు మంచిగనే ఆడుతున్నవు తీ," అన్నాడు. నా ఆట ఒక్కసారైనా చూసిన మనిషి కాదు. కానీ బాగా ఆడుతున్నావని నాతో అన్నది ఆయనొక్కడే. కోపం పోయి, ఏడుపొచ్చింది.

ఆ తర్వాత కేరళలో ఒక జట్టుకు ఆడుతున్నాను. వయసు మీద పడుతోంది. సెమీఫైనల్ బాగా ఆడితే ఇంకో ఏడాది ఉంచుకుంటామన్నారు. ఆట మొదలైన కాసేపటికే బంతి కోసం ఇద్దరం ఒకేసారి దూకాం. నా మోకాలి లోపల ఏదో తెగింది. లేవలేకపోయాను. ఆట ఆగింది. ఆగిన ఆటలో చెప్పడానికి ఇంకేముంటుంది, వ్యాఖ్యాత నా పేరు చెప్పాడు. స్ట్రెచర్ వచ్చేదాకా మళ్లీ మళ్లీ చెప్పాడు. అన్నేళ్లలో నా పేరు రేడియోలో వినిపించింది ఆ సాయంత్రమే.

ఇంట్లో రేడియో ముందున్న అవ్వ నేను గోల్ కొట్టాననుకుంది. పేరొచ్చింది, పేరొచ్చింది అని రెండు చేతులతో బాపుకు చెప్పి, పక్కిళ్లకు చక్కెర పంచడానికి లేచింది. బాపు ఆమె చెయ్యి పట్టి ఆపాడు.

"వద్దే. పోరనికేమో అయ్యింది," అన్నాడు. చొక్కా తొడుక్కుని స్టేషన్‌కు నడిచాడు. ఏ రైలెక్కాలో తెలియక బల్ల మీద కూర్చుండిపోతే, తెలిసినవాళ్లు ఇంటికి తోలుకొచ్చారు.

కర్రల మీద నేను ఇల్లు చేరిన రోజు బాపు గడపలోనే ఉన్నాడు. నన్ను కూర్చోబెట్టి, మోకాలి కట్టు మీద అరచెయ్యి పెట్టి, పోగు తెగినప్పుడు చేసే సైగ చేశాడు. అవునన్నాను. తర్వాత, అతుకుతుందా అని అడుగుతున్నట్టు అతికినప్పటి సైగ చేసి, నా మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు. నేను మళ్లీ తెగిన సైగే చేశాను.