రెండు సిస్టంలకు ఒక్క ఫైర్‌వాల్

బొంతపల్లి యూనిట్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను క్యాంటీన్ల టీ తాగుతున్న.

"చెల్లే, చిన్న ఫైళ్లు మంచిగనే వస్తున్నయి. పెద్దయి సగం దాకా వచ్చి ఆగుతున్నయి. ల్యాబోళ్లు నా మీద ఒకటే లొల్లి," అన్నడు అక్కడి కంప్యూటర్లు చూసుకునే అన్న.

పటాన్‌చెరుల మా మందుల ఫ్యాక్టరీ నెట్‌వర్క్ పని నాది. రెండు యూనిట్ల నడుమ వచ్చిపోయే ప్రతిదాన్నీ ఒక ఫైర్‌వాల్ ఆపి, చూసి, సరైనదైతేనే వదుల్తది. ఊరికే దొరికే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం అది. కోడ్ ఎవరైనా చదవొచ్చు. ఇన్నేండ్లు నడిపిన గని, లోపలికి తొంగి చూసింది లేదు. ఆ రోజు చూడక తప్పలేదు.

పెద్ద ఫైళ్లు ముక్కలు ముక్కలై ప్రయాణం చేస్తయి. వెనక రావాల్సిన ముక్క ముందొస్తే మా ఫైర్‌వాల్ దాన్ని పారేస్తున్నది. ఎందుకని వెతుక్కుంట పోతే అసలు సంగతి తెలిసింది. ఈ ఫైర్‌వాల్ పుట్టింది మా ఆపరేటింగ్ సిస్టంల కాదు, ఇంకోదాంట్ల. మా సిస్టం తయారుచేసేటోళ్లు ఎప్పుడో దాన్ని తెచ్చుకున్నరు. తర్వాత రెండు సిస్టంలు దేని తోవ అది పట్టినయి. మా ముక్కల రోగానికి అక్కడ మందు ఎన్నడో దొరికింది. ఇక్కడికి రాలేదు, అంతే.

అక్కడి ఆ నాలుగు లైన్ల కోడ్ తెచ్చి మా దాంట్ల పెడితే అయిపోతదనుకున్న. పెట్టిన. అస్సలు అతకలేదు. ఒకేసారి ఎన్నో పనులు నడిచేటట్టు మా సిస్టం లోపల చాలా మారిపోయి ఉన్నది. ఇగ మా సిస్టంల ఫైర్‌వాల్‌ను ఎవరు చూసుకుంటరో కనుక్కొని మెయిల్ రాద్దామని కూసున్న.

చూసేది ఒక్క మనిషి. ఎక్కడో దూరదేశంల నౌకరీ చేసుకుంట, మిగిలిన టైంల అవతలి సిస్టంల వచ్చే మార్పులను ఒక్కొక్కటే చదివి, మా సిస్టంకు పట్టేటట్టు మలుస్తడట. రోడ్డు పొంటి ఎన్ని ఫ్యాక్టరీలు, ఎన్ని ఆఫీసులు, ఎన్ని దవాఖానాలు దీని మీద నడుస్తున్నయో నాకే తెల్వదు. ఒక్క మనిషా?

ఇంట్ల కూసోని ఆ మెయిల్ పూర్తి చేస్తుంటే మా అత్తమ్మ అడిగింది. "ఎవరికే, గింత పొడుగు రాస్తున్నవ్?"

"మా ఫ్యాక్టరీ కంప్యూటర్లకు కాపలా ఉండే ప్రోగ్రాం చూసుకునేటాయనకు, అత్తమ్మా. వేరే దేశం."

"జీతం మీ కంపెనీ ఇస్తదా?"

"ఎవ్వరియ్యరు."

చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్న చేతులు ఆగినయి. "మరెందుకు జేస్తడు?"

నేను మెయిల్ ఇంకోసారి చదివి పంపిన.

ఆయన జవాబు తెల్లారి పొద్దుగాల్నే వచ్చింది. నేను చేసింది తప్పని అనలేదు. మా యూనిట్ల నడుమ దారి ఎట్లున్నదో అడిగి, తను మలిచిన ప్యాచ్, అంటే దిద్దుబాటు కోడ్, పంపి, "పరీక్ష చేసి చెప్తరా?" అన్నడు. స్టోర్‌రూంల మూలకు పడున్న పాత మిషన్లు తుడిచి, వైర్లు కలిపి నడిపిన. పెద్ద ఫైల్ పూర్తిగ దాటింది. సంబరపడేలోపే మిషన్ కొయ్యబారింది.

ఈ ప్రోగ్రాం పనిచేసేటోళ్లందరు చదివే మెయిల్ లిస్టుల ఉన్నదున్నట్టు రాసిన. అప్పుడు ఆ చర్చలకు ఇంకో మనిషి వచ్చిండు. అవతలి సిస్టంల ఆ లైన్లు మొదట రాసిన పెద్దాయన. ఆ రెండు సిస్టంలోళ్లకు ఎన్నో విషయాలల్ల పొసగదని అప్పటికే చదివిన. ఇగ లొల్లి షురూ అనుకొని బుగులుపడ్డ. ఆయన రాసింది ఇదే: "ఆ లైను నాది. మా దగ్గర మిషన్ ఆగిపోలేదు కాబట్టి సరే అనుకున్న. మీ దగ్గర తప్పైతే మా దగ్గర కూడా తప్పే."

ప్రోగ్రాం లోపలి ఒకే పట్టికను రెండు పనులు ఒకేసారి ముట్టుకుంటే వచ్చే తంటా అది. ఒకటి అయినంకనే ఇంకోటి ముట్టేటట్టు దూరదేశపాయన ఒక తాళం కలిపిండు, పెద్దాయన ఆ లైన్లే మళ్ల రాసిండు. మళ్ల పరీక్ష చేయమన్నరు. పొద్దంతా పెద్ద ఫైళ్లు అటూ ఇటూ తిప్పిన. మిషన్ ఆగలేదు. ఆ దిద్దుబాటు ముందు మా సిస్టంలకు, తర్వాత ఫైర్‌వాల్ పుట్టిన అవతలి సిస్టంలకు కూడా పోయింది.

"మొత్తం వచ్చింది చెల్లే! ఏం జేసినవ్?" అని బొంతపల్లి అన్న ఫోన్ల అరిచిండు.

"నేనొక్కదాన్నే కాదన్నా," అన్న. ఇంకెట్ల చెప్పాల్నో తెల్వలేదు. ఒకరి మొఖం ఒకరు చూడనోళ్లు, వేరే వేరే దిక్కులకు పోతున్నోళ్లు, ఒక్కదాన్ని మాత్రం చెడిపోనియ్యకుండ కలిసి పట్టుకున్నరు.

ఇప్పుడు అవతల మార్పు వచ్చినప్పుడల్లా నేను గూడ చదువుత, మాకు పడ్తదా లేదా అని. చాలాసార్లు అర్థం కాదు. అడుగుత. చెప్తరు.