ఎనిమిది పాటల రీలు

పొద్దున్నే మొదటి వాయి రొట్టెలు బయటికి రాగానే మా పెద్దమ్మ కొడుకు ఒక్కొక్కదాన్నీ బోర్లించి, అడుగున వేలి కణుపులతో టకటకా కొట్టి వింటాడు. డొల్లగా మోగితే కాలినట్టు. లేకపోతే మళ్ళీ పొయ్యిలోకే. ఇరవై రెండేళ్ళుగా బేకరీలో అన్నయ్యకు ఇదే అలవాటు. అంతకుముందు ఆ చేతులు డ్రమ్స్ వాయించేవి.

అప్పట్లో అన్నయ్యతో కలిపి నలుగురు స్నేహితులు, గిటార్లూ డ్రమ్సూ హోరెత్తే హెవీ మెటల్ ఆల్బం ఒకటి చేశారు. ఎనిమిది పాటలు, ఎనిమిది తీరులు. ఒకటి పిడుగులు పడ్డట్టు ఉంటుంది, ఒకటి ఊయల ఊపినట్టు, ఇంకొకటి కవాతు నడిచినట్టు. "ఇది ఆల్బమా, ఇరుగుపొరుగుల పోట్లాటా?" అని నవ్వారు విన్నవాళ్ళు. గట్టిగా కావాలన్నవాళ్ళకు మెత్తగా, మెత్తగా కావాలన్నవాళ్ళకు గట్టిగా ఉండి ఎవరికీ పట్టకుండా పోయింది. దేవుడి పాటలు తప్ప ఎరగని నేను మొదటిసారి చెవులు మూసుకున్నాను. ఐదో పాట దగ్గర చేతులు తీశాను.

అందులో పాడినతన్ని అందరూ ఉరుము అనేవారు. తర్వాత గొంతుకు జబ్బు చేసింది. ఆపరేషన్ ప్రాణం నిలిపి, మాట తీసుకుపోయింది. అప్పటికి కూతురు పాకుతోంది. ఇప్పుడు పదేళ్ళది. నాన్న గొంతు ఎలా ఉంటుందో దానికి తెలియదు. ఆయన పలక మీద రాస్తే అది చదువుతుంది.

క్యాసెట్లు ఎవరి దగ్గరా మిగల్లేదు. మొన్నామధ్య గిటారు వాయించినాయన ఇల్లు మారుతుంటే అటక మీద, పాటలు మొదట రికార్డు చేసిన అసలు రీలు దొరికింది. టేపులు బాగుచేసే మాస్టారు దాన్ని చూసి పెదవి విరిచారు.

"తేమ పట్టి జిగురెక్కింది. ఇలాగే తిప్పితే పొడైపోతుంది. యాభై అయిదు డిగ్రీల పొడి సెగ ఎనిమిది గంటలు తగలాలి. ఎక్కువైతే వంకర పోతుంది. అదంతా చేసినా ఒక్క పాటకే నా పూచీ. ఆ తర్వాత దాని అదృష్టం."

"ఆ సెగ నేనిస్తాను మాస్టారూ," అన్నాడు అన్నయ్య.

బేకరీ యజమాని సెలవురోజున తాళాలు చేతిలో పెట్టి, "జాగ్రత్తగా కానియ్యి," అని మాత్రం అన్నాడు. పొద్దున ఏడింటికి, పిండి పొంగబెట్టే అద్దాల బీరువాలో రీలు పెట్టారు. ఉరుము, కూతురు, నేను పిండి బస్తాల మీద కూర్చున్నాం. సెగ చూపే ముల్లు కాస్త కదిలినా అన్నయ్య లేచి నిలబడుతున్నాడు. నేను లోలోపల దేవుణ్ణి తలుచుకుంటున్నాను.

తొమ్మిదింటికి నా కంటబడింది.

"అన్నయ్యా, అద్దం మీద ఆ చెమటేమిటి?"

అతని మొహం పాలిపోయింది. తలుపు తెరిచి చూస్తే అడుగున పళ్ళెం నిండా నీళ్ళు. పిండి ఎండిపోకుండా రోజూ ముందు అదే పెడతాడు. ఇవాళ కూడా చెయ్యి దానంతటదే పెట్టేసింది.

"ఎంత పని చేశాన్రా! తేమతో చస్తున్నదానికి ఆవిరి పట్టానే!"

ఉరుము పలక అందుకున్నాడు. కూతురు పైకి చదివింది: "రొట్టె అనుకున్నావా? ఎంత పొంగింది?"

పిల్ల పకపకా నవ్వింది. ఆయన గొంతు మిగిలింది ఆ ఒక్క రీలులోనే. అయినా స్నేహితుణ్ణి ఒక్క మాట అనలేదు.

ఫోను చేస్తే మాస్టారు పరుగున వచ్చారు. టేపు కొసను వేలితో తాకి చూశారు.

"జిగురు పెరిగింది గానీ టేపు పూత ఊడలేదు. బీరువా తుడవండి. మళ్ళీ మొదటినుంచి ఎనిమిది గంటలు."

ఆయనా మాతోనే కూర్చుండిపోయారు. తన అన్నం డబ్బా ఐదుగురికీ పంచారు. తనకు అడుగుదే మిగిలింది.

సాయంత్రం ఆరింటికి తీసి, చల్లారనిచ్చి, మాస్టారి టేపు మిషను మీదికి ఎక్కించారు.

"ఒక్క పాటకే పూచీ అన్నాను. ఏది?"

"ఐదోది," అన్నాడు అన్నయ్య.

"అందులో నీ డ్రమ్స్ ఉన్నాయా?" అడిగారు మాస్టారు.

"లేవండి. వాడి గొంతు బాగా వినబడేది అందులోనే."

రీలు తిరిగింది. కాసేపు బుస. తర్వాత గిటారు. ఆ తర్వాత గొంతు. పిల్ల ముందు తండ్రి పెదవులకేసి చూసింది, తర్వాత స్పీకరుకేసి.

"నాన్నా, నువ్వేనా?"

ఆయన తలూపాడు. పాట తిరుగుతుండగానే మాస్టారు దాన్ని కాపీ చేసుకున్నారు. కాపీ దక్కింది. మిషను మీద మాత్రం గోధుమరంగు పొడి రాలి ఉంది.

"ఇక ఆపుదాం. ఇంకోటి తిప్పితే టేపు ఉంటుందో ఊడుతుందో చెప్పలేను," అన్నారు మాస్టారు.

అన్నయ్య చేతులు తుడుచుకుంటూ ఆయన పక్కకు వెళ్ళాడు.

"మాస్టారూ, ఒక్క సాయం చేయండి. పాపకు కావలసింది దక్కింది. ఇక టేపు పోతే పోనివ్వండి. నేను వాయించిన మొదటి పాట ఒక్కసారి పెట్టండి. కొంచెం సౌండు పెంచి."