పక్క మంచం సాక్ష్యం

డాక్టర్ పియో గ్వాంగ్-సోప్‌కు అట్టపెట్టెల పిచ్చి. నూడుల్స్ పెట్టెకు చిల్లులు పెట్టి, వాటిలోంచి స్టీలు చాప్‌స్టిక్స్ దూర్చి, లోపలి సోయాగింజల్ని ఒక్కొక్కటే గిన్నెలోకి ఏరేవాడు. "గింజలన్నీ నీ పెట్టెలోనే ఉంటే వంట దేంతో చేయను?" అని భార్య దెప్పేది. ఆయన వింటేగా! పెద్దపేగు క్యాన్సర్‌కు జానెడు కోత లేకుండా, నాలుగు చిల్లుల్లోంచి ఆపరేషన్ చేయాలని ఆయన పట్టుదల.

ఆయన పనిచేసే దేగూ నగరపు ఆసుపత్రిలో సర్జరీ చీఫ్ ఓమ్‌కు అదంతా గారడీ. తొంభై ఎనిమిదిలో ఎట్టకేలకు ఒక్క అవకాశం ఇచ్చాడు.

"మూడో రోజు పొద్దుటికి పేషెంటుకి పేగులు కదిలి గ్యాస్ వెళ్లకపోతే నేనే కడుపు కోసి చూస్తా. ఆపైన నీ పుల్లలు నా థియేటర్లో కనపడకూడదు."

పేషెంటు నామ్ ఒక్-హీ, డెబ్బై ఒక్కేళ్లు. ఆన్‌దోంగ్‌లో పేరున్న పాత వంశానికి పెద్దకోడలు, ఏటా పన్నెండు పితృకార్యాలు నడిపే మనిషి. మామగారి ఎదుట ఏనాడూ గట్టిగా నవ్వి ఎరగదు.

ఆపరేషన్ సాఫీగా జరిగింది. "గ్యాస్ వెళ్లిందా అమ్మా?" అని పియో రెండు రోజులూ పూటపూటా అడిగాడు. "లేదు బాబూ" అందామె, తల వంచుకునే. కడుపు మెత్తగానే ఉంది, జ్వరమూ లేదు. అయినా పియోకు ముద్ద దిగలేదు.

మూడో రోజు పొద్దున చీఫ్ చిన్న డాక్టర్లందర్నీ వెంటేసుకుని వచ్చి అడిగాడు. మళ్లీ "లేదండీ" అనే జవాబు.

"థియేటర్ సిద్ధం చేయండి."

అంతలో పక్క మంచం మీది చేపలమ్మే ఆవిడ దిగ్గున లేచి కూర్చుంది.

"ఏం కోస్తారయ్యా? నిన్నటినుంచి ఐదుసార్లు పిత్తింది ఈ మహాతల్లి! కిటికీ తీసింది నేనే!"

ఒక్-హీ దుప్పటి ముసుగేసుకుంది. "ఇంతమంది మగాళ్ల ముందు ఆ మాట ఎలా చెప్పను? మా ఇంటి పరువేం కాను?"

"పరువు కోసం పొట్ట కోయించుకుంటావా అక్కా?"

వార్డంతా నవ్వులే. చీఫ్ నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. పియోకు మాత్రం సంతోషంతో ఏడుపొచ్చింది.

"ఏమయ్యా పియో, రేపు ఆ అట్టపెట్టె పట్రా, చూద్దాం" అన్నాడు చీఫ్ వెళ్తూ వెళ్తూ.

ఆ తర్వాత ఇరవై ఏళ్లలో పియో వేల కడుపులు బాగుచేశాడు, తన దగ్గరికొచ్చిన కుర్ర డాక్టర్లందరి చేతా గింజలు ఏరించాడు. రిటైరైన చీఫ్ ఓమ్‌కు అదే జబ్బు చేస్తే, ఆయన ఏరికోరి పియో ఆపరేషన్ బల్ల మీదే పడుకున్నాడు. మర్నాడు పియో మంచం దగ్గరికొచ్చి వినయంగా అడిగాడు.

"గ్యాస్ వెళ్లిందా సార్?"

ముసలాయన ముఖం ఎర్రబడింది.

"నన్నెందుకయ్యా అడుగుతావు? పక్క మంచాన్ని అడుగు."