తలకు బెజ్జం

నా చిన్నప్పుడు చోడవరంలో మా పక్కింటి పిల్లకు మూర్ఛ వచ్చేది. తొక్కుడుబిళ్ళ ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి పడిపోయేది, ఆట ఆగిపోయేది. పాపం, దెబ్బ తగిలిందేమో అన్న ఆలోచన నాకు వచ్చిన గుర్తు లేదు. ఆట పాడయిందన్న బాధ మాత్రం బాగా ఉండేది.

వెనకటి మనుషులు ఇలాంటి వాళ్ళకు పుర్రెలో రంధ్రం వేసి లోపలి దెయ్యాన్ని బయటికి పంపేవారని ఎక్కడో చదివాను. చదువుకున్నదాన్ని కాబట్టి ఊరుకోలేక ఆ పిల్లకు చెప్పాను. మా తాతయ్య వడ్రంగి. తాడు లాగుతూ తిప్పే బర్మాతో చెక్కలకు బెజ్జాలు వేసేవాడు. తలలకు కూడా వేస్తాడని, ఇదంతా పుస్తకంలోనే ఉందని నమ్మించాను.

ఆమె రెండు రోజులు ధైర్యం కూడగట్టుకుంది. మూడో రోజు వాళ్ళమ్మ చెరకు కొట్టడానికి రావికమతం వైపు వెళ్ళాక, నడినెత్తిన జుట్టంతా కత్తెరతో తనే కత్తిరించుకుని వచ్చి, తాతయ్య ముందు కూర్చుని తల వంచింది. నేను నవ్వు ఆపుకుంటూ తలుపు పక్కన నిలబడ్డాను.

"బెజ్జం ఎట్టీ తాతా. ఏడవన్లే."

ఎవరు చెప్పారని తాతయ్య అడిగితే, మేలు చేసినవాళ్ళను చూపించినంత గర్వంగా ఆమె నన్ను చూపించింది.

"అయితే ముందు దీనికెట్టి సూద్దాం. రావే," అన్నాడాయన.

నన్ను నేలమీద కూర్చోబెట్టి, వెనకనుంచి తలను మోకాళ్ళ మధ్య బిగించాడు. బర్మా తిరిగింది. ఆ గరగర ఎముకలోంచి పళ్ళలోకి దిగింది. నెత్తిమీదినుంచి చల్లగా ఏదో మెడమీదికి కారింది. నా మెదడు అంత పల్చగా ఉంటుందని అనుకోలేదు. లెక్కల్లో మార్కులు చూసైనా అనుమానించవలసింది. ఆయన బెజ్జం వేసింది నా తలకు ఆనించిన కొబ్బరికాయకని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం చచ్చిపోతున్నానని వీధంతా వినబడేలా అరిచాను.

ఆ పిల్ల గట్టిగా కళ్ళు మూసుకునే వచ్చి, తడుముకుంటూ తాతయ్య చేతులు పట్టుకుంది.

"దాన్నొదిలీ తాతా. దానికి దెయ్యం నేదు. నాకే ఉంది."

బర్మా ఆగిపోయింది. తాతయ్య ఆమెకు కొబ్బరికాయ చూపించి, ఇదంతా ఉత్తిదేనని, నీకూ ఏ దెయ్యమూ లేదని, అది జబ్బని, దానికి డాక్టర్లున్నారని చాలాసేపు చెప్పాడు. ఆమె మర్యాదగా అంతా విని, తల అడ్డంగా ఊపింది. పుస్తకంలో ఉందట కదా అంటూ నా వైపు చూసింది. ఆమెను నమ్మించడానికి నాకు పూటయినా పట్టలేదు. ఆ నమ్మకం వదిలించడానికి ఆమె జుట్టు మళ్ళీ జడకు అందేదాకా పట్టింది.

తాతయ్య పెట్టిన భయం వారం తిరక్కుండానే పోయింది. జోకులు వేయడం ఈ వయసులోనూ మానలేదు. ఎదుటి మనిషి కళ్ళల్లో నమ్మకం కనబడిందంటే మాత్రం సగంలోనే ఆపేస్తాను.