మా టీచరమ్మ పెట్టిన రూళ్లు

పోయిన మంగళవారం పొద్దున మా టీచరమ్మ కన్నుమూశారు. కబురు తెలిసేసరికి నేను పూతలపట్టు కూడలిలో తిరుపతి బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఆ ప్రయాణం మానుకుని చిత్తూరు బస్సెక్కాను. ఆమె నాకు బళ్లో పాఠాలు చెప్పలేదు. రిటైరయ్యాక మా చుట్టుపక్కల మామిడి రైతులందరినీ కూడగట్టి సంఘం పెట్టించారు, దానికి మొదటి అధ్యక్షురాలయ్యారు. నేను ఆ సంఘం బోర్డులో ఒక డైరెక్టర్ని. బోర్డంటే ఏమిటో మాకు నేర్పింది ఆమే.

తొంభైలలో సంగతి ఇది. సంఘం రిజిస్టర్ కావాలంటే నియమావళి ఉండాలన్నారు. మాలో ఒకాయన ఇంకో జిల్లా సంఘం వాళ్ల పుస్తకం తెచ్చి, పేరు మార్చి సంతకాలు పెట్టేద్దామన్నాడు. టీచరమ్మ కళ్లద్దాల పైనుంచి చూశారు.

"ఇంగొకరి కొలతకు కుట్టిన సొక్కా మనకెట్ల పడతాదబ్బా? మన గొడవలు వేరే, మన రూళ్లూ వేరే ఉండల్ల."

ఆ వేసవంతా ఆమె ఇంటి వసారాలో చాపల మీద కూర్చుని రూళ్లు రాసుకున్నాం. ఎవరేం చెప్పినా "ఇది ఎందుకు?" అని అడిగేవారు. కారణం చెప్పలేకపోతే కొట్టివేతే. తర్వాతైనా వదిలారా? ఏటా కాయ కోతకొచ్చే ముందు అన్నీ మళ్లీ చదివించి, పనికిరానివి మార్పించేవారు. నిజం చెప్పొద్దూ, మాకు విసుగొచ్చేది.

రెండు రూళ్ల దగ్గర మాత్రం ఆమె పట్టు సడలలేదు. తమవాళ్ల విషయం బోర్డు ముందుకొస్తే ఆ డైరెక్టరు లేచి బయటికి వెళ్లాలి. రెండు దఫాలకు మించి ఎవరూ అధ్యక్ష పదవిలో ఉండకూడదు.

మొదటిది ముందుగా ఆమె మీదికే వచ్చింది. కాయలు దించుకునే షెడ్డుకు స్థలం చూస్తుంటే ఆమె తమ్ముడు తన స్థలం ఇస్తానన్నాడు. ఆ విషయం రాగానే టీచరమ్మ లేచారు. ఆమె లేస్తే మేము కూర్చుంటామా? అందరం లేచి ఆమె వెనకాలే వరండాలోకి వచ్చేశాం. ఆమె వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి నిర్ఘాంతపోయారు.

"లోపల ఎవురుండారు?"

"ఎవురూ లేరమ్మా."

"నేను బయటికి వచ్చింది మీరు లోపల మాట్లాడుకోడానికప్పా! పోండి, పోయి కూసోండి."

సిగ్గుపడుతూ లోపలికి వెళ్లాం. చివరికి ఒకాయన, వానొస్తే ఆ స్థలంలో లారీ దిగబడుతుందన్నాడు. అది మా అందరికీ తెలిసిందే. వేరే స్థలం తీసుకున్నాం. ఆ తమ్ముడు చాన్నాళ్లు అక్క గడప తొక్కలేదు. మేము నొచ్చుకుంటే ఆమె అన్నారు: "వాడు నా తమ్ముడు, కోపం తీరినాక వస్తాడు. సంఘం మింద నమ్మకం పోతే మళ్లీ రాదు."

రెండో రూలు మా ప్రాణం మీదికొచ్చింది. ఆమె రెండో దఫా ముగుస్తుంటే సర్వసభ్య సమావేశంలో రైతులు ఆ రూలు తీసేయమని పట్టుబట్టారు. "ఇది నా సంగతి. నేను ఈడ ఉండకూడదు," అని టీచరమ్మ బయటికి నడిచారు. ఈసారి ఎవరూ లేవలేదు.

"ఆయమ్మ లేకుంటే మన కాయలు కొనే ఫ్యాక్టరీ వాళ్లు మనల్ని లెక్కజేస్తారా?" అని ఒక రైతమ్మ కళ్లు తుడుచుకుంది. అందరి భయమూ అదే.

వెనక నుంచి ఒక పెద్దాయన లేచాడు. "ఈరోజు ఆయమ్మ కోసం తీసేస్తాం. రేపు ఇంగొకడు వాడి కోసం తీసేయమంటే ఏం జెప్తాం?"

రూలు ఉండాలనేవాళ్లను చేతులెత్తమన్నారు. అంత ఇష్టపడే మనిషిని దించడానికి అన్ని చేతులు లేస్తాయని నేను అనుకోలేదు. రూలు నిలిచింది. ఆమెకు చెప్పే పని నాకు పడింది.

"రూలు అట్లే ఉండాదమ్మా," అన్నాను తల వంచుకుని.

ఆమె నా భుజం తట్టారు. "పాసైనారబ్బా!" అన్నారు. ఆ గొంతులోని సంతోషం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆమె చేతి కింద పనిచేశానని చెప్పుకోవడం కంటే నాకు పెద్ద గౌరవం లేదు.

ఆమె తర్వాత అధ్యక్షుడిగా నన్ను ఎన్నుకున్నారు. మరుసటి ఏడాది సమావేశంలో జంపఖానా మీద, రైతుల మధ్య కూర్చుని ఉన్నారు టీచరమ్మ. రూళ్లు చదవడం పూర్తవగానే ఒక చెయ్యి పైకి లేచింది. గాజులు మోచేతి దాకా జారాయి. నేను "అడగండమ్మా" అనేదాకా ఆ చెయ్యి దిగలేదు.